తమ్ముడి బయాప్సీలో ‘ఓసీటీ4 పాజిటివ్’ అని వచ్చింది, వంశంలో ఉన్నట్టా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అల్లూరు దగ్గర పల్లె. తమ్ముడికి 26 ఏళ్ళు, రొయ్యల గుంటల కాడ పని. గట్టు మీద జారిపడి దెబ్బ తగిలాక చూసుకుంటే వృషణంలో నొప్పి లేని గడ్డ ఉంది, నెల్లూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. రిపోర్టులో సెమినోమా, ఓసీటీ4 పాజిటివ్ అని ఉంది. అది జీన్ పేరంట కదా, మా వంశంలో ఉన్నట్టా? దెబ్బ వల్ల వచ్చిందా? వాడికి సంబంధాలు చూస్తా ఉన్నాం. - ఒక అన్న

జవాబు: సెమినోమా అంటే వృషణానికి వచ్చే ఒక రకం క్యాన్సర్. అది దెబ్బ వల్ల రాలేదండీ, గడ్డ ముందే ఉంది, దెబ్బ తగిలాక చెయ్యి పడి తెలిసింది అంతే. ఇక ఓసీటీ4, అది అందరిలోనూ ఉండే జీనే. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, ముందు ముందు వీర్యకణాలు కావాల్సిన కణాల్లో పనిచేస్తది, ఆ కణాలు ఎదిగేకొద్దీ ఆగిపోవాల. కొందరిలో కొన్ని కణాలు ఎదగకుండా, ఆ జీన్ ఆగకుండా అట్నే ఉండిపోయి, వయసొచ్చాక హార్మోన్లు పెరిగే టైములో గడ్డగా మారతాయి. ఈ గడ్డల్లో ఎక్కువ వాటిల్లో 12వ క్రోమోజోమ్ (జీన్లుండే పోగు) పొట్టి భాగం కాపీలు కూడా ఎక్కువుంటాయి. ఇదంతా గడ్డ కణాల్లో జరిగిన మార్పు, పాజిటివ్ అంటే అమ్మానాన్నల నుంచి చెడ్డ జీన్ వచ్చిందని కాదు.

ఆ పరీక్ష చేసేది గడ్డ రకం తేల్చడానికి. సెమినోమాలో ఆ జీన్ తయారుచేసే ఓసీటీ4 ప్రోటీన్ ఉంటది, సాక్స్2 అనే ఇంకో ప్రోటీన్ ఉండదు, ఎంబ్రియోనల్ కార్సినోమా అనే వేరే రకం వృషణ క్యాన్సర్లో రెండూ ఉంటాయి. రక్తంలో ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ ఎంతుందో తప్పకుండా అడగండి, సెమినోమా దాన్ని తయారుచెయ్యదు కాబట్టి అది గడ్డ వల్లే పెరిగిందని తేలితే రిపోర్టులో ఏం రాసున్నా వేరే రకం కణాలు కూడా ఉన్నట్టే లెక్క, మందులూ మారతాయి.

ధైర్యంగా ఉండండి, ఇది బాగా నయమయ్యే క్యాన్సర్. 1974లో అమెరికాలోని ఇండియానాలో డాక్టర్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుని వేరే మందులతో కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక ఒళ్ళంతా పాకినోళ్ళు కూడా చాలామంది బతికారు. ఈ కణాల్లో పీ53 అనే, డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని చంపించే జీన్ మామూలుగా చెడిపోయి ఉండదు, అందుకే మందు డీఎన్‌ఏని దెబ్బకొడితే కణం తనంతట తనే చచ్చిపోద్ది. గడ్డ వృషణం దాటకపోతే కీమో కూడా లేకుండా స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటారు.

పెళ్ళికి అడ్డేం లేదు, రెండో వృషణం బాగుంటే చాలామందికి పిల్లలు పుడతారు. కానీ కీమో గానీ రేడియేషన్ గానీ అన్నారంటే, మొదలుపెట్టకముందే వీర్యం ఫ్రీజ్ చేయించండి, సిగ్గుపడి ఊరుకోబాకండి. అన్నదమ్ముల్లో ఒకరికి వస్తే రెండోవాళ్ళకి రిస్కు మామూలోళ్ళ కంటే కొన్ని రెట్లు ఎక్కువే, అయినా రాకపోయేదే ఎక్కువ. మీరు కూడా నెలకోసారి స్నానం చేసేటప్పుడు వేళ్ళతో తడిమి చూసుకోండి, గట్టిగా ఏదన్నా తగిలితే నొప్పి లేదు కదా అని ఆగకుండా యూరాలజిస్టు దగ్గరికి పోండి.