అమెరికాలో కథోలిక కుటుంబంగా విశ్వాసాన్ని నిలుపుకోవడం: మా అనుభవం

ఇద్దరు పిల్లలతో గుంటూరు నుంచి ఒహాయోకు వస్తున్నామనీ, ఇక్కడి వాతావరణంలో పిల్లలు గుడికి దూరమవుతారేమోనని దిగులుగా ఉందనీ మీరు రాశారు. మాది ఫిరంగిపురం. పద్నాలుగేళ్లుగా సిన్సినాటి దగ్గర ఉంటున్నాము. మీ దిగులు మాకూ ఉండేది గానీ, కష్టం మేము ఎదురుచూసిన వైపు నుంచి రాలేదు. ఇక్కడ మీ విశ్వాసాన్ని ఎవరూ వెక్కిరించరు, గుడికి వెళ్లవద్దని ఎవరూ అనరు. మీ ఆదివారాన్ని మాత్రం మిమ్మల్ని అడగకుండానే తీసేసుకుంటారు.

మా అబ్బాయి తొమ్మిదో ఏట సాకర్ జట్టులో చేరాడు. పోటీలు చాలా వరకు ఆదివారం ఉదయమే ఉండేవి, అదీ ఒక్కోసారి మూడు గంటల ప్రయాణం. వరుసగా నాలుగు ఆదివారాలు గుడిలో పూజకు వెళ్లలేకపోయాము. ఐదో ఆదివారం ఆట లేదు, అయినా పూజ సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాలేదు, నాతో సహా. సోమవారం ఆఫీసుకు కారు నడుపుతూ ఉండగా అది తట్టి, దారి పక్కన కారు ఆపుకొని కూర్చున్నాను. ఆనాటి నుంచి పోటీల పట్టిక చేతికి రాగానే ఆ మైదానానికి దగ్గరలో ఏ గుడి ఉందో, అక్కడ పూజ ఎన్ని గంటలకో చూసి పట్టికలోనే రాసుకుంటున్నాము. శనివారం సాయంత్రం పూజలో పాల్గొన్నా, కథోలికులు ఆదివారం పూజకు వెళ్లాలన్న బాధ్యత నెరవేరుతుంది. చాలా విచారణల్లో, అంటే పారిష్‌లలో, ఆ పూజకు ముందు గురువులు పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) కూడా వింటారు. ఈస్టర్ ఆదివారం మా వాడు ఆడడని శిక్షకుడికి ముందే చెప్పాను. ఆయన మారు మాట అనకుండా రాసుకున్నారు. స్పష్టంగా చెబితే ఇక్కడివాళ్లు గౌరవిస్తారు; మనం చెప్పడానికి మొహమాటపడి నష్టపోతున్నామని నా అభిప్రాయం.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో ఈ ప్రాంతం మీకు ఆశ్చర్యం కలిగిస్తుంది. శుక్రవారం సాయంత్రం గుడి పక్క హాలులో నాలుగైదు పెద్ద మూకుళ్లలో చేపలు వేగుతుంటాయి; బయట చలిలో కథోలికులూ, కానివారూ కలిసి వరుసలో నిలబడతారు. 1962లో మెక్‌డొనాల్డ్స్ చేపల శాండ్‌విచ్ పుట్టింది కూడా ఈ సిన్సినాటిలోనే. శుక్రవారాల్లో మాంసం ముట్టని కథోలికుల వల్ల అమ్మకాలు పడిపోతుంటే లూ గ్రోయెన్ అనే దుకాణదారుడు దానిని తయారు చేశాడు. తపస్సు కాలం కాని శుక్రవారాల్లో మాంసం మానడానికి బదులు వేరే తపస్సు చేయవచ్చునని ఇక్కడి మేత్రాణులు (బిషప్పులు) 1966లో అనుమతించారు. కానీ, ఆ వేరే తపస్సు అన్నది ఆచరణలో ఏమీ చేయకపోవడంగా మారిపోవడం చూసి, మేము ఏడాది పొడవునా శుక్రవారం మాంసం మానేశాము. ఒక శుక్రవారం మా వాడు స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్లాడు. బల్ల మీద అన్నీ పెప్పరోనీ పిజ్జాలే. పద్నాలుగేళ్లు నిండనివారికి ఆ నియమం లేదని నేనే చెప్పి పంపాను. వాడు మాత్రం ఆ ఇంటావిడ దగ్గరకు వెళ్లి, "ఈ రోజు మేము మాంసం తినము, చీజ్ పిజ్జా ఉందా ఆంటీ?" అని అడిగాడట. ఆవిడ ఫోన్ చేసి చెప్పేదాకా నాకు ఈ సంగతి తెలియదు. పదేళ్లు నేను చెప్పిన మాటల కన్నా వాడికి ఇంటి శుక్రవారపు భోజనమే ఎక్కువ నేర్పింది.

రాజకీయాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కథోలికుడు అధ్యక్షుడైతే పోపు మాటే వింటాడేమోనన్న అనుమానం వల్ల, 1960లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కెన్నెడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టంటు బోధకుల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 2025లో షికాగోలో పుట్టినవారే పోపు అయ్యారు. ఆ పాత అనుమానం పోయింది గానీ, గర్భస్థ శిశువుల గురించి శ్రీసభ (కథోలిక సంఘం) చెప్పేది ఒక పార్టీకీ, వలస వచ్చినవారి గురించీ మరణశిక్ష గురించీ చెప్పేది మరో పార్టీకీ నచ్చుతుంది. శ్రీసభ బోధను పార్టీని బట్టి సగానికి కోసుకోకూడదని పిల్లలకు మేము చెబుతాము.

ఇంట్లో రాత్రి జపమాల తెలుగులోనే చెప్పండి. మా పిల్లలకు బడి చదువంతా ఇంగ్లీషే అయినా, "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అన్న మాట నోటికి వచ్చు. ఒకసారి వాషింగ్టన్‌లోని కథోలికుల జాతీయ దేవాలయానికి తీసుకువెళ్లండి. అక్కడ వేళాంగణి మాతకు ప్రత్యేకంగా ఒక ప్రార్థనాలయం ఉంది. దానిని చూసి మా అమ్మాయి, "మనం ఇక్కడ చుట్టాలం కాము కదా నాన్నా" అంది. అదే అమ్మాయి కాలేజీకి వెళ్లాక ఒక ఏడాది పూజ మానేసింది. మేము తిట్టలేదు, ప్రార్థన మానలేదు. ఇప్పుడు విశ్వవిద్యాలయం దగ్గర కథోలిక విద్యార్థుల కోసం ఉన్న న్యూమన్ సెంటర్‌కు అప్పుడప్పుడు వెళుతోంది. మీ పిల్లలు పెద్దయ్యాక ఆ చిరునామా వెతికి ఇవ్వండి.

విమానం ఎక్కేముందు మీ అందరి జ్ఞానస్నాన ధ్రువపత్రాలూ, మీ వివాహ ధ్రువపత్రమూ విచారణ గురువుల సంతకంతో, ముద్రతో తెచ్చుకోండి. పిల్లల తొలి దివ్యసత్ప్రసాదానికి (మొదటి కమ్యూనియన్‌కు) జ్ఞానస్నాన ధ్రువపత్రం అడుగుతారు. ఇక్కడికి వచ్చిన మొదటి వారమే గుడి ఆఫీసులో కుటుంబం పేరు నమోదు చేయించండి. ఊళ్లో ఫాదర్ గారికి మన మూడు తరాలూ తెలుసు. ఇక్కడ ఆ కాగితం నింపకపోతే ఏళ్ల తరబడి ఒకే బెంచీ మీద కూర్చున్నా మీరెవరో ఆఫీసుకు తెలియదు.