మీ ప్రశ్న: 1500 వాట్ల హీటర్ రాడ్ 5.4 ఆంపియర్లే తీసుకుంటోంది, పాడైందా?

రాడ్ బాగానే ఉందండీ. మీరు 5.4 ఆంపియర్లని 230 వోల్టులతో గుణించి 1242 వాట్లు అన్నారు, అక్కడే తేడా వచ్చింది. ప్లగ్ దగ్గర మీటర్ 190 వోల్టులు చూపించిందని మీరే రాశారుగా, లెక్కకు అదే వాడాలి.

నిరోధం (కరెంటుకు రాడ్ ఇచ్చే అడ్డు): 190 ÷ 5.4 = 35.2 ఓమ్‌లు. రాడ్ మీద ముద్రించిన రేటింగ్ (230 వోల్టుల దగ్గర 1500 వాట్లు) ప్రకారం రావాల్సింది 230 × 230 ÷ 1500 = 35.3. రెండూ ఒకటే.

అసలు పవర్ 190 × 5.4 = 1026 వాట్లు. వోల్టేజీ 17 శాతం తగ్గితే పవర్ 32 శాతం పడిపోయింది, ఎందుకంటే పవర్ వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 55 డిగ్రీలకు రావడానికి పూర్తి 1500 వాట్లతో అయితే 21 నిమిషాలు పట్టాల్సింది, పవర్ తగ్గింది కాబట్టే అరగంట దాటుతోంది.

ఇప్పుడు రాడ్ ఆపి అదే సాకెట్లో వోల్టేజీ చూడండి. అప్పుడూ 190 దగ్గరే ఉంటే లైన్లోనే లో వోల్టేజీ. ఆపగానే 228కి ఎగబాకితే మాత్రం రాడ్ మళ్లీ పెట్టకండి: 38 వోల్టులు మీ వైరింగ్‌లోనో, వదులైన జాయింటులోనో పోతున్నాయి. 38 × 5.4, అంటే 205 వాట్ల వేడి అక్కడ పుడుతోంది. ఒక్క జాయింటులోనే అయితే సాకెట్ కాలిపోతుంది.

ఓమ్‌లు మీటర్‌తో నేరుగా కొలవాలంటే ముందు ప్లగ్ పీకేయండి.