టీకప్ పామ్ అని బుల్లి పొమేరేనియన్ కుక్కపిల్లను అమ్ముతున్నారు, పెద్దయ్యాక కూడా అంతే ఉంటుందా?

మూడేళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను కాబట్టి రాస్తున్నాను. మీరు వైజాగ్‌లో ఫ్లాట్‌లో పెంచుకోవడానికి టీకప్ పామ్ చూశామనీ, రెండు కిలోలు దాటదని అమ్మేవాళ్ళు మాట ఇస్తున్నారనీ రాశారు. కుక్కల సైజుల్లో టాయ్‌కి, మినీకి, టీకప్‌కి తేడా ఏంటని అడిగారు. టీకప్ అనే సైజు ఏ జాతికీ లేదు. జాతి ప్రమాణాలు రాసే పెద్ద కెన్నెల్ క్లబ్బులేవీ ఆ మాటను ఒప్పుకోవు. అది అమ్మకానికి పెట్టుకున్న పేరు. ఆ పేరు నమ్మినందుకు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. చిన్న కుక్కపిల్ల కావాలని ఏడాదిగా అడుగుతోంది. ఊళ్ళోనే ఒకాయన ఫోన్‌కి వీడియో పంపాడు. స్టీలు గ్లాసు పక్కన కూర్చోబెట్టిన లేత గోధుమరంగు పిల్ల, గ్లాసు కంటే రెండు వేళ్ళు మాత్రమే ఎత్తు. "మేడమ్, ప్యూర్ టీకప్. అరవై రోజుల పిల్ల. ఏడాదికి కూడా రెండు కేజీలు దాటదు" అన్నాడు. తల్లిని చూపించమంటే వేరే ఊళ్ళో ఉందన్నాడు. ఇరవై ఎనిమిది వేలు ఇచ్చి తెచ్చుకున్నాం.

వచ్చేదారిలో కంచరపాలెంలో మా అత్తగారి కిరాణా కొట్టు దగ్గర ఆగాం. మా అమ్మాయి సరదా పడి పిల్లను పప్పులు తూచే కాటా మీద పెట్టింది. 560 గ్రాములు. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "ఇదేటమ్మా, అర కేజీ పప్పు పొట్లమంత ఉంది. తల్లి దగ్గర పాలు తాగీ వయసులో తెచ్చీసినారేటి?" అన్నారు. టీకప్ అంటే అలాగే ఉంటుంది అత్తయ్యా అన్నాను. ఆవిడ మా అమ్మాయి చేతిలో ఒక సున్నుండ పెట్టారు. రంగు అదే, గుండ్రం అదే, దాంతో సున్నుండ అనే పేరు ఖాయమైంది. సున్ని అని పిలుస్తాం.

నాలుగో రోజు రాత్రి రెండున్నరకు మా అమ్మాయి వచ్చి లేపింది. "అమ్మా, సున్ని లేవట్లేదు." అట్టపెట్టెలో పాత టవల్ మీద పక్కకు ఒరిగి పడి ఉంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పైపెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళలో ఎరుపే లేదు, సున్నం వేసినట్టున్నాయి. కింది దవడ ఆగకుండా టకటకా కొట్టుకుంటోంది. చూస్తుండగానే మెడ వెనక్కి విరుచుకుని నాలుగు కాళ్ళూ బిగదీసింది.

డాక్టరు గారు రెండోసారికి ఫోన్ ఎత్తారు. "నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేనె ఉంటే వేలితో చిగుళ్ళకి రాయండి. వెచ్చగా చుట్టి తీసుకొచ్చేయండి" అన్నారు. మా ఆయన స్కూటర్ తీశారు. పిల్లను టవల్‌లో చుట్టి, నా స్వెట్టర్ లోపల పొట్టకు ఆనించి పెట్టుకుని, ఒక వేలు దాని నోట్లోనే ఉంచాను. మర్రిపాలెం నుంచి హైవే మీద లారీలు తప్ప ఎవరూ లేరు. తాటిచెట్లపాలెం దాటాక ఆ వేలికి గరుకుగా ఏదో తగిలింది. నాలుక. తేనె నాకుతోంది. మా ఆయన వీపు మీద తల ఆనించి ఏడ్చేశాను.

సీతమ్మధారలో డాక్టరు గారు రక్తంలో చక్కెర చూశారు, బాగా పడిపోయింది. సూది గుచ్చడానికి నరం దొరకక చాలాసేపు పట్టింది. గ్లూకోజ్ ఎక్కుతుండగా టార్చి వేసి దాని నోరు తెరిచారు. ముందు పళ్ళు, కోరలు వచ్చాయి, వెనక దవడ పళ్ళు ఇంకా చిగురు చీల్చనేలేదు. "అరవై రోజులన్నారా? రెండు నెలలకు పాలపళ్ళన్నీ వచ్చేసి ఉండాలమ్మా. దీనికి ఐదు వారాలు ఉంటాయేమో. ఇది చిన్న జాతి కాదు, చిన్న వయసు" అన్నారు. తల్లి దగ్గర మూడేసి గంటలకు పాలు తాగాల్సిన పిల్ల రాత్రి ఎనిమిది గంటల పాటు ఖాళీ కడుపుతో ఉంటే ఆ ఒంట్లో నిల్వ ఏముంటుంది? మెలకువ వచ్చింది మా అమ్మాయికి కాబట్టి బతికింది.

ఇప్పుడు సున్ని బరువు 6.8 కిలోలు. భుజం దగ్గర ఎత్తు 31 సెంటీమీటర్లు. టీకప్ కాదు, టాయ్ కాదు, అసలు పొమేరేనియనే కాదు. ఇండియన్ స్పిట్జ్. 80ల్లో, 90ల్లో మన ఇళ్ళల్లో పామేరియన్ అని పెంచుకున్న తెల్లకుక్కల్లో చాలావరకు ఇవే. మన ఎండకు, ఉక్కకు తట్టుకునే మంచి కుక్క. అదే పేరు చెప్పి అమ్మినా మేం సంతోషంగా తెచ్చుకునేవాళ్ళం. తప్పుడు పేరు కోసం ఆ పసిపిల్లను మూడు వారాలు ముందుగా తల్లి నుంచి విడదీశారే, అది నేను ఈ జన్మలో క్షమించలేను. కొనేవాళ్ళు అంత చిన్నదే అడుగుతున్నారు కాబట్టి ఇంకా చిన్న వయసులోనే తీసుకొచ్చేస్తున్నారు. లేదా తిండి తగ్గించి పెడుతున్నారు. అమ్మకానికి 8 వారాలు నిండాలని 2017 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది.

ఇక అసలు కొలతలు. కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌సీఐలో మన కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కూడా సభ్యురాలే. ఎఫ్‌సీఐ లెక్కలో పామ్ అంటే జర్మన్ స్పిట్జ్ కుటుంబంలో అన్నిటికంటే చిన్నది. ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు. అమెరికా వాళ్ళ కెన్నెల్ క్లబ్ ఏకేసీ బరువు చూస్తుంది, 3 నుంచి 7 పౌండ్లు, అంటే దాదాపు 1.4 నుంచి 3.2 కిలోలు. అంటే మామూలు పామే రెండు కిలోలు ఉండొచ్చు, దానికి టీకప్ అని ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి? పూర్వం పామ్‌లు ఇంత చిన్నవి కూడా కాదు. విక్టోరియా మహారాణి 1888లో ఇటలీ నుంచి తెచ్చుకున్న మార్కో ఐదు కిలోల పైనే ఉండేదట.

టాయ్, మినియేచర్ అనేవి మాత్రం నిజమైన మాటలే, కానీ జాతిని బట్టి, దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. పూడిల్‌నే తీసుకోండి. ఏకేసీకి 10 అంగుళాల లోపు ఉంటేనే టాయ్. ఎఫ్‌సీఐకి 28 సెంటీమీటర్ల దాకా టాయే. 27 సెంటీమీటర్ల పూడిల్ ఒకచోట టాయ్, ఇంకోచోట మినియేచర్. డాష్‌హుండ్‌కి ఎఫ్‌సీఐ ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలుస్తుంది, అదీ 15 నెలలు నిండాకే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ప్రమాణం రాసినవాళ్ళే పెద్దయ్యేదాకా ఆగి కొలుస్తుంటే, నలభై రోజుల పిల్లను చూసి సైజు రాసిస్తామనేవాడి మాట ఎలా నమ్ముతాం? మినియేచర్ పిన్షర్‌ని మినీ డాబర్‌మన్ అని అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. రెండూ వేరు వేరు జాతులు, పైగా పిన్షరే పాతది. షీట్జూ అనే జాతికి ఇంపీరియల్ అని తగిలించేదీ ఇదే బాపతు.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గురించీ చెప్పాలి. సున్ని ఐదు కిలోలు దాటాక మీటింగ్‌లో "చిన్న బ్రీడ్ అన్నారు కదా, ఇది చిన్నదెలా అవుతుంది" అని పెద్ద గొడవ. సైజు చూసి కుక్కను వద్దనే హక్కు అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించాను. మీ టెన్షన్ కూడా అపార్ట్‌మెంట్ వాళ్ళ గురించే అయితే దానికోసం అరకిలో కుక్కను వెతకకండి. లిఫ్ట్‌లో అరవకుండా నేర్పించడం సైజు కంటే ముఖ్యం. మా పై అంతస్తులో లాబ్రడార్ ఉంది, దాని గొంతు నేను పండక్కి కూడా వినలేదు.

ఇంకా కొనాలనే ఉంటే తల్లిని కళ్ళతో చూడండి, తండ్రి బరువు అడగండి. పుట్టిన తేదీ వ్యాక్సిన్ పుస్తకంలో రాయించుకోండి. నోరు తెరిచి వెనక పళ్ళు చూడండి. నడినెత్తి మీద వేలు పెట్టి మెత్తగా ఉందేమో చూసి, మాడు పూడకపోతే డాక్టరుకు చూపించకుండా డబ్బులు కట్టకండి. మరీ చిన్నవాటిలో మోకాటి చిప్ప జారడం మామూలు, నాలుగడుగులు నడిపించి చూడండి.

ఒకవేళ ఆ పిల్లను ఇప్పటికే ఇంటికి తెచ్చేసుంటే ఇవన్నీ పక్కన పెట్టండి. ఈ రాత్రి పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి అలారం పెట్టుకుని లేచి తిండి పెట్టండి. తేనె సీసా అల్మారాలో కాకుండా మంచం పక్కనే ఉంచుకోండి.