ఏలూరులో ఆగకండి

చి.సౌ. తల్లికి, అల్లుడుగారికి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన అరకు ప్లాను చూశాను. మొదటి రోజులన్నీ బాగానే వేసుకున్నారు, వాటి జోలికి రాను. చివరి గడిలో మాత్రం "ఆదివారం: రిటర్న్" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నా పేచీ ఆ గడితోనే. అరకు నుంచి హైదరాబాదు ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. అందులో మొదటి భాగం ఘాట్ రోడ్డు. పైగా నెల మే. సోమవారం ఇద్దరికీ ఆఫీసు. ఇంత బరువు ఒక్క రోజు మీద పెట్టి దానికి ఒక్క మాట రాస్తే ఎలాగమ్మా?

టూర్లకు వెళ్లిన జంటలు చాలామందిని చూశాను. గొడవ పడేది వెళ్లేటప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు. అదీ మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో. అప్పటికి ఎండకు తల వేడెక్కి ఉంటుంది, తిన్న భోజనం కళ్ల మీదికి వస్తుంటుంది, ఇంకా రెండు వందల కిలోమీటర్లు మిగిలి ఉంటాయి. అప్పుడు "ఆ టర్నింగు ముందే చెప్పాల్సింది" అన్న చిన్న మాట చాలు, మీ అత్తగారి దాకా వెళ్తుంది. మనసులో ఏదో ఉండి అన్న మాటలు కావవి. ఎండ, ఆకలి, నిద్ర అనిపించిన మాటలు. కాబట్టి ఆ మూడు బాధలకూ వీలులేకుండా రోజును పేర్చుకోండి.

నా మాట వింటే శనివారం మధ్యాహ్నానికల్లా అరకు వదిలెయ్యండి. అనంతగిరి కాఫీ తోటలు, డముకు వ్యూ పాయింటు, బొంగు చికెన్, కాఫీ పొడి కొనడం అన్నీ శుక్రవారంతో ముగించండి. కొండ దిగేటప్పుడు రెండో గేరులో దిగాలి. బ్రేకు తొక్కిపట్టి దిగితే అది వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు మాత్రం పోయకండి. అల్లుడుగారిది ఆటోమేటిక్ కారు కదా, అందులోనూ తక్కువ గేరులో నిలిపే ఏర్పాటు ఉంటుంది, అదేదో ముందే చూసుకోమను. ఇరుకు మలుపులో కింద నుంచి ఎక్కుతున్న బండి ఎదురైతే దారి దానిదే.

ఎస్.కోట, కొత్తవలస దాటి పెందుర్తి దగ్గర అనకాపల్లి వెళ్లే పెద్ద రోడ్డు ఎక్కితే వైజాగ్ ఊళ్లోకి పోనక్కర్లేదు. అన్నవరంలో కొండెక్కే ఓపిక లేకపోతే కింది నుంచే దండం పెట్టుకుని, విస్తరాకులో కట్టిచ్చే ప్రసాదం తీసుకుని బయల్దేరండి. సత్యనారాయణస్వామి ఏమీ అనుకోడు. చీకటి పడేలోగా రాజమండ్రి చేరాలి.

మీ సెలవు నిజంగా ముగిసేది అక్కడే. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దు నది అవతల కుంకుతుంది. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే వంతెనలు కనిపిస్తాయి. 1900లో రైళ్లు నడవడం మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, విల్లులా వంపులు తిరిగిన కొత్తది. సాయంత్రం హారతి చూసి, రోజ్‌మిల్క్ తాగి, నెమ్మదిగా గదికి వెళ్లండి. ఆ సాయంత్రం ఆఫీసు సంగతి గానీ, ఈ టూరుకు ఎంత ఖర్చయిందన్న లెక్క గానీ ఎత్తొద్దు. లెక్క బుధవారం చూసుకున్నా అంతే ఉంటుంది.

కొనాల్సినవి కూడా ఆ రాత్రే కొనెయ్యండి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా రెండూ రాజమండ్రిలోనే దొరుకుతాయి, వాటి కోసం ఆదివారం పొద్దున్నే హైవే దిగి పల్లెల్లోకి తిరగక్కర్లేదు. పూతరేకుల పెట్టె మీద ఇంకేమీ పెట్టొద్దు, పొడై పోతాయి. కడియం నర్సరీలు చూస్తే నీకు చెయ్యి ఊరుకోదని తెలుసు. మే నెలలో మూసిన కారులో మొక్క ఒక్క గంట ఎండలో ఉంటే ఉడికిపోతుంది. మరీ మనసైతే ఒకటో రెండో కొని, డిక్కీలో కాకుండా కాళ్ల దగ్గర ఏసీ తగిలేలా పెట్టుకో.

ఇక ఆదివారం. తెల్లవారుతుండగా అయిదింటికల్లా బయల్దేరండి. రాత్రి రెండింటికో మూడింటికో లేచి పోదామంటారు అల్లుడుగారు, కుర్రవాళ్లందరికీ అదో సరదా. ఒప్పుకోవద్దు. ఆ వేళ కళ్లు తెరిచే ఉంటాయి కానీ మెదడు నిద్రలోనే ఉంటుంది. పైగా లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీలు చీకట్లో దగ్గరికి వెళ్లేదాకా కనపడవు.

అయిదింటి లెక్క ఎందుకంటే, రాజమండ్రి నుంచి హైదరాబాదు దాకా దారి మొత్తం పడమర వైపే. పొద్దున పూట సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. మధ్యాహ్నం దాటితే ఎదురుగా వస్తాడు. విజయవాడ, హైదరాబాదు మధ్య రోడ్డయితే వేసవిలో పొద్దుగుంకే దిక్కుకే ముక్కుసూటిగా పోతుంది. నాలుగింటి నుంచి కళ్లలో సూదులు గుచ్చినట్టే, నల్ల కళ్లద్దాలు కొంతవరకే సాయం. అయిదింటికి బయల్దేరితే ఎనిమిదింటి ప్రాంతంలో రామవరప్పాడు రింగు దగ్గర ఉంటారు, విజయవాడ ఇంకా పూర్తిగా లేవదు. పదిన్నరకో పదకొండుకో సూర్యాపేట. ఆగుతూ పోయినా ఒంటిగంట, రెండు మధ్య పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కేస్తారు. ఆదివారం సాయంత్రం పంతంగి టోల్ దగ్గర సెలవులకు వెళ్లొచ్చే బళ్లన్నీ బారులు తీరకముందే మీరు ఇంట్లో స్నానం చేసి పడుకుని ఉంటారు.

మ్యాప్ చూస్తే ఖమ్మం మీదుగా దగ్గర దారి ఉందంటుంది. దగ్గరే, కాదనను. కానీ చివరి రోజు అలవాటు లేని దారి పెట్టుకోవద్దు.

మీరిద్దరూ నడుపుతారు, అది మంచి సంగతి. చెయ్యి మార్చుకునేది అలసటను బట్టి కాదు, గడియారాన్ని బట్టి. రెండు గంటలు కాగానే దిగి అవతలి సీటుకు వెళ్లాల్సిందే. ఎందుకంటే నిద్ర వస్తోందని ఏ మగాడూ ఒప్పుకోడు. "నాకేం ఫర్వాలేదు" అంటాడు, మీ పెద్దమ్మ ముందు నేనూ అదే అంటాను. గడియారం చెబితే ఎవరి పరువూ పోదు. పక్క సీటులో ఉన్నవాళ్లు దారి చూడాలి, నీళ్లు అందించాలి, కబుర్లు చెప్పాలి. ఆఫీసు గ్రూపులో మెసేజీలు పైకి చదవకూడదు. నడిపే మనిషి మనసు అప్పుడే సోమవారంలో పడిపోతుంది. బ్రేకు ఇలా వెయ్యి, అలా ఓవర్‌టేక్ చెయ్యి అన్న పాఠాలూ వద్దు. స్పీడు వందకు మించినప్పుడు మాత్రం మొహమాటం లేకుండా చెప్పు. నాలుగు వరసల హైవే మీద కారుకు పెట్టిన హద్దే అది.

టిఫిను ఇడ్లీతో సరిపెట్టండి. నెయ్యి పెసరట్టు ఉప్మా శనివారం పొద్దున తినండి, ఎవరూ వద్దనరు. దారిలో మజ్జిగ చాలు, అన్నం ఇంటికొచ్చాకే.

బయల్దేరేముందు టైర్లలో గాలి చూపించండి, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండలో పరుగెత్తాక గాలి ఎక్కువ చూపిస్తే కంగారుపడి తీసెయ్యొద్దు, వేడికి అలాగే పెరుగుతుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో ఎవరూ చూడరు, మీరు చూడండి. ఫాస్టాగ్‌లో డబ్బులుండాలి. హైవే మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033కి ఫోన్ చెయ్యొచ్చు, ఆ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.

ఇప్పుడు అసలు మాట. దారిలో ఏలూరు తగులుతుంది. మా ఇంటికి రావద్దు. నిజంగానే చెబుతున్నాను. వస్తే కాఫీ అంటాం, కాఫీ కాస్తా టిఫినవుతుంది, పక్కింటివాళ్లు అల్లుణ్ణి చూడ్డానికొస్తారు, మీ పెద్దమ్మ జాకెట్టు ముక్క కోసం బీరువా తాళాలు వెతుకుతుంది, మీరు గేటు దాటేసరికి పదకొండు. అప్పుడు మళ్లీ ఆ మూడింటి ఎండే మీకు దక్కుతుంది. విజయవాడలో మీ మేనమామగారికీ ఇదే వర్తిస్తుంది. చుట్టాల కోసం వేరే వారం రండి, రెండు రోజులుండండి. మీ పెద్దమ్మ అలుగుతుంది, ఆ సంగతి నేను చూసుకుంటాను.

ఇల్లు చేరాక మీ అమ్మకు ఒక్క మెసేజ్ పెట్టు, చాలు. సామాను సర్దడం, బట్టలు ఉతకడం ఆదివారమే అయిపోవాలన్న పట్టుదల పెట్టుకోకండి. పాలప్యాకెట్టు, రాత్రికి తినడానికి ఏదైనా వచ్చే దారిలోనే తీసుకుంటే మళ్లీ గడప దాటే పనుండదు.

రాజమండ్రిలో శనివారానికి గది ఇవాళే బుక్ చెయ్యండి. పెళ్లిళ్లుంటే ఆఖరి నిమిషంలో దొరకవు. నది వైపు కిటికీ ఉన్నదే అడగండి, నాలుగైదొందలు ఎక్కువైనా సరే.

ఇట్లు,
మీ పెద్దనాన్న