గుణమా, లక్షణమా?

సందేహం: నర్సింగ్‌లో గుణాత్మక పరిశోధన, అంటే అంకెల కంటే రోగుల మాటలే ఆధారంగా సాగే పరిశోధన, చేస్తున్నాను. రోగులు తమ నొప్పిని సలుపు, పోటు, తీపు, మంట అంటూ రకరకాలుగా చెప్పారు. ఇవి నొప్పి గుణాలా, లక్షణాలా? వీటిని విడదీసి పెట్టే ‘కేటగిరీ’ని వర్గం అనవచ్చునా?

సమాధానం: వైద్యంలో ‘లక్షణం’ అంటే జబ్బు ఆనవాలు. నొప్పే ఒక లక్షణమైనప్పుడు మళ్ళీ దాని లక్షణాలు అంటే చదివేవారు తికమకపడతారు కనుక ‘గుణం’ మేలు. ఈ మాట మీద నాకు మక్కువ ఎక్కువ. సంస్కృతంలో గుణమంటే దారం, తాడులోని పేట, వింటినారి కూడా. రెండు పేటలది ద్విగుణం, మూడు పేటలది త్రిగుణం. రెట్టింపు అనే అర్థమూ, మనం బడిలో నేర్చిన గుణకారమూ ఆ పేటల లెక్కకు చుట్టాలే. పేట విడిగా కంటికి కనబడుతుంది, కాని పేటలన్నీ ఊడదీస్తే ఇక తాడు ఉండదు. వస్తువుకూ దాని గుణాలకూ ఉన్న సంబంధం ఇంతకంటే చక్కగా చెప్పే మాట నాకు తెలియదు. ‘మందు గుణమిచ్చింది’ అన్నప్పుడు మాత్రం అది ఉపశమనం.

వర్గం వృజ్ ధాతువు నుంచి వచ్చింది, వర్జించడం కూడా అందులోదే. అంటే వేరు చేయడం దీనిలో ప్రధానం. తెలుగులో ‘కోవ’ ఉండగా దాన్ని ఎవరూ తలవకపోవడం బాధాకరం. తమిళంలో కో అంటే గుచ్చు, కోవై అంటే దండ, వరుస. మన కోవ దానికి తోబుట్టువని నా నమ్మకం. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రొనాల్డ్ మెల్జాక్ ప్రకటించిన ప్రశ్నావళిలో 78 నొప్పి మాటలు 20 గుంపులుగా ఉన్నాయి. కొట్టుకునే నొప్పులు ఒకచోట, పొడిచేవి మరొకచోట, మండేవి ఇంకొకచోట, ప్రతి గుంపులోనూ తీవ్రత పెరిగే క్రమంలో. అలా వరుస కుదిరితే కోవ అనండి, ఊరికే వేరు చేస్తే వర్గం చాలు. ‘వర్గీకరించబడిన వర్ణనాత్మక లక్షణాలు’ వంటి అనువాదపు కట్టెలు మాత్రం వద్దు.

పోటు ‘పొడుచు’ నుంచి వచ్చింది, సలుపు గడ్డ లోపల నాడిలా కొట్టుకునేది. ఈ రెంటినీ ‘పెయిన్’ అని ఒకే గంపలో వేయకండి. తీపు ఏ కోవలో చేరుతుందో నేను చెప్పడం కంటే, రోజంతా నాట్లు వేసి వచ్చి కాళ్ళు తీపులంటున్న మనిషిని అడగడం మంచిది.