రోటాక్యాప్స్‌లో మందు పొడి అంటుకోవడం: స్టాటిక్ చార్జ్ పోవాలని క్యాప్సూళ్లను వరండాలో పెట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది: భీమవరంలో ఉంటున్న మీ అమ్మగారు ఉబ్బసానికి రోటాక్యాప్స్ (ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చే మందు పొడి క్యాప్సూళ్లు) పీల్చిన తరువాత ఖాళీ పెంకు లోపల కొంత మందు పొడి అంటుకుని మిగిలిపోతోంది, ఆవిడ ఏసీ గదిలో ఉంటారు కనుక అక్కడి గాలిలో తేమ తగ్గి క్యాప్సూల్‌లో స్టాటిక్ చార్జ్ (రాపిడి వల్ల పుట్టి కదలకుండా నిలిచే విద్యుదావేశం) పుడుతోందని మీ బావగారు అన్నారు, అందుచేత మరునాటి క్యాప్సూళ్లను ముందు రాత్రే సీసాలోంచి తీసి వరండాలో పెట్టవచ్చా అని అడిగారు. దయచేసి పెట్టకండి. తేమ ఉంటే చార్జ్ తగ్గుతుందన్న బావగారి మాట నిజమే. కాని ఆ తేమ చార్జ్‌ను తగ్గించి ఊరుకోదు, పెంకునూ మందునూ కూడా పట్టుకుంటుంది.

నేను పదకొండేళ్లు హైదరాబాదు శివార్లలోని ఒక మందుల కర్మాగారంలో ఇన్‌హేలర్ క్యాప్సూళ్లు నింపే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. మా నాన్నగారు కూడా ఇటువంటి మందే వాడతారు. తేమ చాలకపోతే ఏమవుతుందో అక్కడ చూశాను, ఎక్కువైతే ఏమవుతుందో ఇక్కడ మా ఇంట్లోనే చూశాను.

ముందుగా చార్జ్ సంగతి. రెండు వేరు వేరు పదార్థాలు ఒకదానికొకటి తగిలి విడిపోయినప్పుడు ఒకదాని మీద ధనావేశం, రెండోదాని మీద రుణావేశం మిగులుతాయి. క్యాప్సూల్‌లోని మందు రేణువులు లోపలి గోడకు రాసుకుంటూనే ఉంటాయి: నింపే యంత్రంలో, సీసా లారీలో కుదుపులు తింటున్నప్పుడు, చివరకు ఇన్‌హేలర్ లోపల కూడా. గాలిలో తగినంత తేమ ఉంటే పెంకు ఉపరితలం మీద కంటికి కనిపించని పలుచని నీటి పొర ఏర్పడి, ఆ ఆవేశం దాని గుండా మెల్లగా జారిపోతుంది. తేమ లేకపోతే జారిపోయే దారి ఉండదు, ఆవేశం అక్కడే నిలిచి రేణువులను గోడకు పట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్ దువ్వెనను తలకు రాసి కాగితం ముక్కలను ఆకర్షింపజేసే ప్రయోగం మా ఊరి బడిలో వర్షాకాలంలో ఎన్నిసార్లు చేసినా సరిగా జరిగేది కాదు. అదే దువ్వెన హైదరాబాదులో వేసవి మధ్యాహ్నం కాగితాన్ని కాస్త దూరం నుంచే లాగడం చూసి ఆశ్చర్యపోయాను.

కర్మాగారంలో ఒక ఏప్రిల్ రాత్రి నింపే గదిలో తేమ తీసే యంత్రం అవసరానికి మించి పనిచేసి, తెల్లవారేసరికి సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టగలిగే తేమలో నిజంగా ఉన్న వంతు) 25 శాతానికి పడిపోయింది. మేము సాధారణంగా దానిని 45కు అటూ ఇటూగా ఉంచేవాళ్లం. ఆ ఉదయం ఒక ఖాళీ క్యాప్సూల్‌ను చేతొడుగు వేసుకున్న వేలి మీద పెట్టి చెయ్యి తిరగేస్తే అది కింద పడలేదు, వేలికే అంటుకుని వేలాడింది. మందు పొడి స్టీలు తొట్టి అంచుల మీదికి పాకినట్టు పేరుకుంది. నింపిన క్యాప్సూళ్లను లైటు ముందు పట్టుకుని చూస్తే, మూతా అడుగూ కలిసే చోట తెల్లని ఉంగరంలా పొడి అంటి ఉంది. గోటితో రెండుసార్లు తట్టినా రాలలేదు. తూకాలు కూడా ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఆర్ద్రతను మళ్లీ పెంచి, చార్జ్‌ను పోగొట్టడానికి అయాన్లను (ఆవేశం ఉన్న కణాలను) గాలిలోకి వదిలే పరికరాలు పెట్టి, కొన్ని గంటలు ఆగాక గాని పని మొదలుపెట్టలేకపోయాం. ఆ రాత్రి నింపిన సరుకు మొత్తం పక్కన పెట్టవలసి వచ్చింది.

ఇంత గొడవ ఎందుకంటే ఇందులో అసలు మందు చాలా కొంచెం. ఉదాహరణకు ఫార్మోటెరాల్ అనే, ఊపిరి గొట్టాలను వదులు చేసే మందు క్యాప్సూల్‌లో 12 మైక్రోగ్రాముల మందును 25 మిల్లీగ్రాముల లాక్టోజ్‌తో (పాలలోని చక్కెరతో) కలిపిన తయారీ ఉంది. అంటే రెండు వేల వంతుల్లో సుమారు ఒక వంతు. ఊపిరితిత్తుల లోతుకు చేరాలంటే మందు రేణువు సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉండాలి. అంత సన్నని రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కనుక, వాటిని అంతకు ఎన్నో రెట్లు పెద్దవైన లాక్టోజ్ పలుకుల మీద అద్దుతారు. పీల్చినప్పుడు మందు ఆ పలుకుల నుంచి విడివడి లోపలికి పోవాలి, పలుకులు గొంతులోనే ఆగిపోవాలి. ఆ అతుకు పీల్చే వరకు ఊడకూడదు, పీల్చగానే ఊడాలి. చార్జ్ గాని తేమ గాని మితిమీరితే ఈ లెక్క తప్పుతుంది.

ఇక పెంకు సంగతి. మన వైపు వాళ్లకు దీనిని చెప్పడానికి ఆత్రేయపురం పూతరేకు కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. ఆరిన రేకును మడవబోతే పెళపెళ విరిగిపోతుంది. అందుకే చుట్టే వాళ్లు తడిగుడ్డతో కొంచెం చెమ్మ తగిలించి, మెత్తబడగానే మడుస్తారు. ఆ చెమ్మ ఎక్కువైతే రేకు ముద్దయిపోతుంది. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌తో చేసిన క్యాప్సూల్ పెంకు స్వభావం కూడా ఇంతే. దాని బరువులో 13 నుంచి 16 శాతం దాకా నీరే ఉంటుంది, ఆ నీరే దానిని విరగకుండా ఉంచుతుంది. 10 శాతం కంటే తగ్గితే పెళుసెక్కి, క్యాప్సూల్‌కు సూదితో రంధ్రం చేసే రకం ఇన్‌హేలర్‌లో సూది గుచ్చగానే ముక్కలుగా పగులుతుంది, ఆ ముక్కలు నోట్లోకి కూడా రావచ్చు. 18 శాతం దాటితే మెత్తబడి సాగుతుంది. అందుకే ఖాళీ జెలటిన్ క్యాప్సూళ్లను 35 నుంచి 65 శాతం ఆర్ద్రత మధ్య నిల్వ చేస్తారు. మొక్కల సెల్యులోజ్ నుంచి చేసే హెచ్‌పీఎంసీ అనే శాకాహార పెంకులు మరో రకం. వాటిలో నీరు జెలటిన్‌లో సగం కంటే తక్కువే. ఎండిపోయినా అంత సులభంగా పగలవు కనుక ఇన్‌హేలర్లకు వాటినీ ఎంచుకుంటారు. అయితే నీరు తక్కువైన పెంకు మీద చార్జ్ నిలిచే అవకాశం ఎక్కువ కాబట్టి, నింపే గదిని మరీ ఎండగట్టకుండా చూసుకోవడం వాటి విషయంలోనూ తప్పదు.

ఇప్పుడు మీ వరండా దగ్గరకు వస్తాను, ఎందుకంటే సరిగ్గా ఆ పొరపాటు మా ఇంట్లో జరిగింది. మూడేళ్ల క్రితం శ్రావణమాసంలో నాన్నగారు, పొద్దున్నే సీసా వెతుక్కోవడం ఎందుకని, వారం రోజుల క్యాప్సూళ్లను మూత సరిగా పట్టని ఒక ప్లాస్టిక్ డబ్బీలో వేసి కాలువ వైపు కిటికీలో పెట్టుకున్నారు. నాలుగో రోజున మందు పని చేయడం లేదని అన్నారు. నేను ఒక క్యాప్సూల్‌ను వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే టక్కుమనవలసిన పెంకు మెత్తగా నొక్కుకుపోయింది. నాన్నగారి ఇన్‌హేలర్ క్యాప్సూల్‌ను తిప్పి విడదీసే రకం, అందులో పెట్టి తిప్పితే రెండుగా విడిపోవలసింది పోయి ఒక పక్కకు చదునై వంగింది. చేత్తో విప్పి నల్ల కాగితం మీద తట్టితే పొడి దుమ్ములా జారలేదు, చిన్న చిన్న ఉండలుగా పడింది. చార్జ్ మాత్రం ఏమీ లేదు, ఆ మాట నిజం. కాని తేమ పెరిగినప్పుడు రేణువుల మధ్య సందుల్లో నీరు చేరి వంతెనలా వాటిని కలిపి పట్టుకుంటుంది, ఆ పట్టు చార్జ్ పట్టు కంటే ఏమీ తక్కువ కాదు. మందునూ లాక్టోజ్‌నూ సన్నగా నూరినప్పుడు వాటి ఉపరితలంలో కొంత భాగం స్ఫటిక రూపం కోల్పోతుంది. తేమ తగిలితే ఆ భాగం మళ్లీ స్ఫటికంగా గట్టిపడుతూ పక్క రేణువును తనతో కలిపేసుకుంటుంది. తరువాత ఎంత ఆరబెట్టినా అది విడిపోదు. అందుకని ఒకసారి చెమ్మగిల్లిన క్యాప్సూల్‌ను ఎండలో పెట్టి బాగుచేద్దామనుకోవద్దు, పారేయండి.

ఏసీ గది మీద అనుమానం ఉందన్నారు కనుక, ఆ సంఘటన తరువాత నేను కొన్న చిన్న హైగ్రోమీటర్ (గాలిలో తేమను కొలిచే పరికరం) చూపిన అంకెలు చెబుతాను. మా ఇంట్లో ఏసీ వేసిన గదిలో ఆర్ద్రత 50 శాతానికి అటూ ఇటూగా ఉంది, ఆగస్టు తెల్లవారుజామున వరండాలో 90 దాటింది. చుట్టూ వరిచేలు, చెరువులు, కాలువలు ఉన్న మన ప్రాంతంలో ఇంటి ఏసీ గాలి చార్జ్ ఇబ్బంది పెట్టేంత ఎండిపోవడం అరుదు. అంటే మీ అమ్మగారి గదిలో గాలి క్యాప్సూల్‌కు కావలసిన హద్దుల్లోనే ఉండి ఉండాలి, మీరు దానిని అక్కడి నుంచి వరండాలోకి తీసుకుపోదామంటున్నారు.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు ఉంటే అది కూడా మానండి, సీసా మీద ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప. రోహిణి కార్తె ఎండలకు భయపడి చాలామంది పెడతారు. బయట 32 డిగ్రీలు, 75 శాతం ఆర్ద్రత ఉన్న గాలి సుమారు 27 డిగ్రీలకు చల్లబడగానే అందులోని ఆవిరి మంచుబిందువుల్లా నీరుగా మారుతుంది. అయిదారు డిగ్రీల చల్లదనంలోంచి తీసిన సీసా మూత విప్పితే ఆ నీరు క్యాప్సూళ్ల మీదే పడుతుంది. క్యాప్సూళ్లు వచ్చిన సీసాలోనే ఉండాలి, లోపల తేమ పీల్చే పొట్లం ఉంటే దానిని తీయకూడదు, పీల్చబోయే నిమిషంలోనే ఒకటి తీసి వెంటనే మూత బిగించాలి. ఇన్‌హేలర్‌ను కడిగితే పూర్తిగా ఆరే వరకు వాడకూడదు. నోట్లో పెట్టుకున్నాక అందులోకి ఊపిరి వదలకూడదు, ఎందుకంటే మన ఊపిరిలోని ఆవిరి ఏ వరండా గాలికీ తీసిపోదు.

ఇవన్నీ సరిగా ఉండి కూడా పెంకులో పొడి మిగులుతోందంటే, నా అనుమానం చార్జ్ మీద కాదు, పీల్చే బలం మీద. క్యాప్సూల్ ఇన్‌హేలర్‌లో మందును బయటికి లాగే శక్తి పూర్తిగా రోగి ఊపిరిదే. పెద్ద వయసు వాళ్లు మెల్లగా, జాగ్రత్తగా పీలుస్తారు. ఇక్కడ మాత్రం మొదటి నుంచీ గట్టిగా, వేగంగా పీల్చాలి. పీల్చి, కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టి, తరువాత ఇన్‌హేలర్‌ను నోటి నుంచి తీసి ఊపిరి వదిలాక పెంకును చూడండి. పొడి ఇంకా ఉంటే అదే క్యాప్సూల్‌తో రెండోసారి పీల్చవచ్చు. గోడకు పలుచగా అద్దినట్టు ఉండే పొడి మామూలే. గుట్టగా మిగులుతోందంటే మాత్రం రెండు మూడు రోజుల ఖాళీ పెంకులను ఒక గాజు సీసాలో వేసి, ఇన్‌హేలర్‌తో సహా డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లి, అమ్మగారి చేత ఆయన ఎదుటే ఒకసారి పీల్పించండి.