కళ్లజోడు జారితే మార్కులూ జారతాయి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న దీవించి రాస్తున్నది.

నీ థీసిస్ సంగతి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సర్జరీ పీజీలూ ప్రొఫెసర్లూ ల్యాప్ ట్రైనింగ్ బాక్సులో (చిన్న రంధ్రాల్లోంచి పరికరాలు దూర్చి, తెర మీద చూస్తూ చేసే ల్యాప్రోస్కోపిక్ ఆపరేషన్‌కు చెయ్యి అలవాటు చేసే పెట్టె) పనిచేస్తుంటే, చూపు ఎటు పడుతోందో పట్టే కళ్లజోడు పెట్టి వాళ్ల చూపు రికార్డు చేసి, చెయ్యి తిరిగినవాళ్లెవరో తేలుస్తావట. గర్వంగా అనిపించింది. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదన్నది వేరే సంగతి.

తేలిక సంగతులు ముందు కానిస్తాను. రోగి మీద కాదు, బాక్సు మీద మొదలుపెట్టు. ల్యాప్రోస్కోపీ నేర్పే ఎఫ్‌ఎల్‌ఎస్ కోర్సులోని పెగ్ ట్రాన్స్‌ఫర్ చాలు: ఆరు ముక్కలు, ఒక చేతి పరికరంతో తీసి రెండో చేతికి మార్చి అవతలి పెగ్గుకు తొడగడం, మళ్లీ వెనక్కి. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి వచ్చేదాకా జోడు పెట్టె తెరవకు. కాటుక, మస్కారా తుడుచుకుని రమ్మను. అవి దట్టంగా ఉంటే కంటిపాప అంచు యంత్రానికి సరిగా అందదు. కంటిపాప సైజును బట్టి మానసిక శ్రమ లెక్కకట్టే ఆశ మాత్రం ఈసారికి వదులుకో. ఆలోచనతో అది పెరిగేది సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. వెలుతురు మారితే అంతకు ఎన్నో రెట్లు మారుతుంది.

ఇక అసలు విషయం. 2004లో కెనడాలో లా, ఆట్కిన్స్ బృందం చూపించిందేమిటి? చెయ్యి తిరిగినవాళ్ల చూపు లక్ష్యం మీద నిలుస్తుంది, కొత్తవాళ్ల చూపు పరికరం కొన వెంట పోతుంది. నీ థీసిస్ నిలబడేది ఈ తేడా మీదే. కూలేదీ ఇక్కడే.

మానిటర్ 120 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో. చూపులో ఒక డిగ్రీ తప్పు తెర మీద దాదాపు 2.1 సెంటీమీటర్లు. ముక్కను పట్టుకోబోయే క్షణంలో పరికరం కొనకూ ముక్కకూ మధ్య అంత దూరం ఉండదు. ఇప్పుడు కొత్త పీజీని చూడు. వంగుతాడు, తల ఆడిస్తాడు, చెమట పడతాడు, మధ్యలో చేతులకేసి చూసుకుంటాడు. జోడు ముక్కు మీద కొంచెం జారుతుంది. ఫైల్లో చూపు ఎక్కడ పడిందో చూపించే గుర్తు పక్కకు జరుగుతుంది. పరికరాలు తెర కింది మూలల నుంచే కదా లోపలికి వచ్చేది. గుర్తు కిందికి జరిగితే నేరుగా వాటి మీదే పడుతుంది. వాడు చూసింది ముక్కనే, లెక్కలోకి ఎక్కింది పరికరం. ప్రొఫెసరుగారేమో కదలకుండా నిలబడి త్వరగా ముగిస్తారు, ఆయన జోడు జారదు. కొత్తవాళ్లు పరికరాన్ని చూస్తారని ఊహించాం, అదే వచ్చింది. అనుకున్నదే వస్తే మళ్లీ తవ్వేవాళ్లెవరు? ఆ తప్పు చేసినవాళ్లలో మీ పెదనాన్నా ఒకడు. అంతకు మించి అడగకు.

కాబట్టి తల వెనక సాగే పట్టీ బిగించు. క్యాలిబ్రేషన్, అంటే జోడును ఆ మనిషి చూపుకు సరిచెయ్యడం, గోడ దగ్గర కాదు, మానిటర్ ఉన్న దూరంలోనే, పని చేసే భంగిమలో నిలబెట్టి చెయ్యి. జోడు కెమెరా ఒకచోట, కన్ను ఒకచోట. దూరం మారితే తప్పూ మారుతుంది. తెర మీద ఐదు చుక్కలు అంటించు: నాలుగు మూలలు, మధ్యలో ఒకటి. ప్రతి ట్రయల్‌కు ముందూ తర్వాతా ఒక్కో చుక్కను రెండు సెకన్లు చూడమని, ఎంత తేడా వచ్చిందో సెంటీమీటర్లలో రాసుకో. ఒక డిగ్రీ దాటితే ఆ ట్రయల్ పక్కన పెట్టాలి. ఈ నియమం మొదటి మనిషి రాకముందే ప్రొటోకాల్‌లో ఉండాలి. కొన, ముక్క ఆ తేడా కన్నా దగ్గరగా ఉన్న క్షణాలను ‘చెప్పలేం’ అనే మూడో గడిలో వెయ్యి. ఆ గడి నిండితే సిగ్గుపడకు. రెండు గుంపుల జారుడూ ఒకే పట్టికలో పక్కపక్కన చూపించు.

నీకు తొందరెక్కువ. చిన్నప్పుడూ అంతే, ముగ్గు చుక్కలన్నీ పెట్టకుండానే గీతలు కలిపేసి, చివర కుదరక నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేదానివి. ఈ ఐదు చుక్కలు మాత్రం ఎగ్గొట్టకు.

ప్రొఫెసర్లలో ప్రోగ్రెసివ్ అద్దాలవాళ్లుంటారు. అద్దాల మెరుపుకు చూపు తెగిపోతూంటుంది, అంటే నిపుణుల ఫైళ్లే ఎక్కువ పాడవ్వొచ్చు. ఎంత శాతం పోయిందో ఒక్కొక్కరికీ రాయి. చూపు ఎన్నిసార్లు నిలిచిందో ఊరికే లెక్కపెట్టకు. త్వరగా ముగించినవాళ్లకు ఆ సంఖ్య ఎలాగూ తక్కువే. శాతాల్లోనో, సెకనుకు ఇన్ననో చెప్పు. లేకపోతే నువ్వు కొలిచింది గడియారాన్ని. దానికి ఇంత ఖరీదైన జోడెందుకు?

ఇన్నేళ్ల సర్వీసు అని చెప్పి ఎవరినీ నిపుణులనకు. ఇద్దరు పరీక్షకులు, పేర్లు తెలియకుండా, చూపు గుర్తు లేని వీడియో చూసి విడివిడిగా మార్కులు వెయ్యాలి. మెషీన్ లెర్నింగ్ చేస్తానంటావేమో. ఒకే మనిషి ట్రయల్స్ కొన్ని నేర్పడానికీ కొన్ని పరీక్షకూ పంచావంటే, అది నేర్పును కాదు, మనిషిని గుర్తుపడుతుంది.

నాకు నిద్ర పట్టనిది మాత్రం వీటికి కాదు. హెచ్‌ఓడీ పక్కన నిలబడితే ఏ పీజీ సంతకం పెట్టనంటాడు? సమ్మతి తీసుకునే పని డిపార్ట్‌మెంట్ బయటివాళ్లకు అప్పగించు. పేర్ల బదులు కోడ్లు వాడు. ఏ కోడ్ ఎవరిదో రాసిన కాగితం డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉండకూడదు. ఎవరెవరికి ఎంతొచ్చిందని ఎవరో ఒకరు అడుగుతారు, నవ్వుతూనే అడుగుతారు. ఇవ్వనని ప్రొటోకాల్‌లో ముందే రాసిపెట్టు, అప్పుడు నీ నోటితో కాదనక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల జారుడు ఏ కుర్రాడి ప్రాక్టికల్ పరీక్ష దాకానో వెళ్తే మళ్లీ వెనక్కి తీసుకోలేం తల్లీ.

మొదటి ముగ్గురి ఫైళ్లు కాగానే నాకు పంపు. సగటులు వద్దు, చుక్కల కొలతలు కావాలి, ముందువీ తర్వాతవీ.

ఇట్లు,
పెదనాన్న